ఇరవై ఎనిమిది డిగ్రీల ఎండ

నేను ఒక మూలమట్టాన్ని. చిన్నప్పుడు మీ జామెట్రీ పెట్టెలో కోణమానిని పక్కన పడి ఉండేదే, మూడు మూలల పలక, ఆ జాతి. కాకపోతే నాది కాస్త పెద్ద ఒడ్డూ పొడుగూ. లేత పసుపు సెల్యులాయిడ్ ఒళ్లు, అంచుల మీద నల్లటి అంకెలు, మధ్యలో వేలు దూరేంత కన్నం. నా మూడు మూలల్లో ఒకటి నిఖార్సయిన తొంభై డిగ్రీలు. ఆ మూలే నా ఆస్తి, నా పరువు. దాన్ని చూసుకునే ఇన్నేళ్లూ మురిశాను. అయితే నేను లోకానికి నిజంగా పనికొచ్చింది మాత్రం దాన్ని పోగొట్టుకున్న రోజునే. ఆ సంగతే చెబుతాను.

నేను పుట్టింది హైదరాబాదులో ఒక ఇరుకు సందు కార్ఖానాలో. రేకును రంపంతో కోసి, అంచులు సానపట్టి, చివరికి ఒక పెద్దాయన ముందు పడేశారు. నాకు అంకెలు దిద్దింది ఆయనే. 'సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది, ఇక్కడ బీడీ కాల్చరాదు' అని గోడ మీద రాసి ఉంది. ఆయన సరిగ్గా ఆ రాతకి ఆనుకుని కూర్చుని, బీడీ పీలుస్తూ, నుసి రాలకుండా నా మీద అంకెలు దిద్దాడు. మనుషులతో నా తొలి పరిచయం అది. వీళ్లు రాసేది ఒకటి, చేసేది ఒకటి అని అప్పుడే గ్రహించి ఉంటే, తర్వాత అంత ఆశ్చర్యపోయే పని తప్పేది.

నా తోబుట్టువులు బడిపిల్లల పెట్టెల్లోకి పోయారు. వాళ్ల పళ్లగాట్లూ కత్తియుద్ధాలూ పడి, ఏడాది తిరక్కుండానే మూలలు విరిగి రాలిపోయారు. నన్ను మాత్రం సర్కారు వారు కొన్నారు. రేగులగడ్డ అని, చుట్టూ గుట్టలున్న ఒక చిన్న ఊరు. గిన్నెలో అడుగున మిగిలిన మజ్జిగలా ఉంటుంది ఆ ఊరు గుట్టల నడుమ. చలికాలం వస్తే పైనున్న చల్లగాలి అంతా జారి ఆ గిన్నెలోకే దిగుతుంది. దిగాక పోవడానికి దారి ఉండదు. అక్కడ ఒక వాతావరణ ఆఫీసు ఉంది. నా ఉద్యోగం అందులో.

ఉద్యోగం ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే ఉంది. రోజూ తెల్లవారకముందే ఆఫీసు వెనక పెద్ద బెలూను ఒకటి వదులుతారు. దాని తోకకు టిఫిను డబ్బా అంత రేడియో పెట్టె. అది పైకి పోతూ పోతూ 'ఇక్కడ ఇంత వేడి, ఇక్కడ ఇంత తేమ' అని కిందికి కబుర్లు పంపుతుంది. ఆ కబుర్లను ఏటవాలు గీతలు నిండిన ఒక పెద్ద కాగితం మీద చుక్కలుగా పెడతారు. పై గాలి కిందికి దిగితే వంద మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుందట. మధ్యాహ్నపు ఎండ నేల మీది గాలినీ మైలెత్తు గాలినీ కలిపి కలియదిప్పుతుంది. అందుకని మైలెత్తున ఉన్న చుక్క దగ్గర నన్ను ఆనించి, ఏటవాలుగా నేల దాకా పెన్సిలుతో ఒక గీత లాగితే, ఆ గీత నేలను తాకిన చోట ఉన్న అంకే ఆ పూట ఊళ్లో కాయబోయే ఎండ. పొద్దున్నే మధ్యాహ్నం సంగతి చెప్పేయడం అన్నమాట. పంచాంగం కంటే నయమే.

నా మొదటి యజమాని అబ్బాస్ అలీ గారు. పొడవాటి మనిషి, మెత్తటి చెయ్యి. నన్ను తుడవకుండా ఏనాడూ కాగితం మీద పెట్టలేదు. చలికాలం రాగానే ఆయన మైలెత్తు చుక్కను పట్టించుకునేవాడు కాదు. కొత్తగా చేరినవాళ్లు ఎందుకని అడిగితే నవ్వేవాడు.

"ఎండాకాలం ఎండ పహిల్వాన్ బేటా. గాలినంతా కవ్వం ఏసి చిలికినట్టు మైలెత్తు దాకా చిలుకుతది. చలికాలం ఎండ ముసల్ది. మిద్దె ఎక్కేసరికే దానికి దమ్మొస్తది. దానికి మైలెత్తు నిచ్చెన ఎట్ల ఏస్తం? అది ఎక్కగలిగినంత వరకే నిచ్చెన ఎయ్యాలె."

చలికాలం ఈ ఊరి మీద వెచ్చటి గాలి ఒకటి మూతలా కూర్చుంటుందనీ, ఎండ పొంగు ఆ మూత దాకానే పోయి ఆగిపోతుందనీ ఆయన లెక్క. అందుకే ఒకరోజు వృత్తలేఖిని ముల్లుతో నా అంచు మీద చిన్న గాటు పెట్టాడు. నా మూలను నేల గీత మీద ఆనిస్తే, ఆ గాటు సరిగ్గా మూత ఉండే ఎత్తుకు వస్తుంది. చలికాలం గీత అక్కణ్ణుంచి మొదలు. నొప్పి పుట్టలేదని చెప్పను గానీ, పచ్చబొట్టు పొడిపించుకున్న పిల్లలా ఆ గాటును చూసుకుని గర్వపడేదాన్ని. అంతా అయ్యాక ఆయన సంతకం పెట్టేముందు వరండాలోకి వెళ్లి, అరచెయ్యి చాపి కాసేపు నిలబడేవాడు. బెలూను చెప్పినదానికి చెయ్యి కూడా సరేనంటేనే సంతకం.

ఆయన రిటైరయ్యాక చక్రధరరావు గారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి. పట్టాలు మూడు, వాటికి ఫ్రేములు మూడు. వచ్చిన రోజునే నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, "ఎవరయ్యా దీనికి గాటెట్టింది? గవర్నమెంటు సొత్తు ఇలాగేనా వాడేది?" అన్నారు. పాడైన అంచు అని దాన్ని అవతలికి తిప్పేశారు. ఆ తర్వాత అన్ని కాలాలకూ మైలెత్తు నుంచే గీత. "చలికో శాస్త్రం, ఎండకో శాస్త్రం ఉంటాయా? శాస్త్రం ఒక్కటే!" అనేవారు. నేనేం చెయ్యను? నాకు నోరు లేదు. ఉన్న మూడు మూలల్లో ఒక్కటీ ఎదురుచెప్పే మూల కాదు.

ఎండాకాలం ఆయన గీతలు బ్రహ్మాండంగా కుదిరేవి. చలికాలం మాత్రం నేను పొద్దున ఇరవై ఎనిమిది అని గీస్తే, ఆవరణలో తెల్లటి జాలీ పెట్టెలో ఉండే ఉష్ణమాపకం సాయంత్రానికి పద్దెనిమిది అనేది. పాదరసం మహా మొండి ఘటం, మొహమాటానికైనా ఒక డిగ్రీ పెరగదు. పై ఆఫీసు నుంచి 'మీ అంచనాలు ఎందుకు తప్పుతున్నవి?' అని తాఖీదులు మొదలయ్యాయి.

ఆ చిక్కు తీరిన వైనం వినండి. ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చాడు. ఆ ఉష్ణమాపకంలో పాదరసం ఎక్కినచోటే నిలిచిపోతుంది. రోజూ చేత్తో పట్టుకుని విదిలిస్తేనే దిగుతుంది, జ్వరం చూశాక డాక్టరు విదిలించినట్టు. "మీకెవరికీ విదిలించడం చేతకాదు, నేను చూపిస్తా" అని ఆ పెద్దాయన కోటు చెయ్యి మడిచి ఒక్క ఊపు ఊపాడు. గాజు పోయి పెట్టె తలుపుకు తగిలింది. పాదరసం పూసలు పూసలుగా గడ్డిలోకి జారుకుంది. అందరూ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. అంత పెద్దాయన పగలగొట్టాడని ఎవరు రాస్తారు? 'ఉష్ణమాపకం విశ్రాంతిలో ఉన్నది' అని రాశారు.

కొత్తది కావాలని రాస్తే, పాతదాన్ని అప్పగిస్తేనే కొత్తది అని జవాబు. పాతది గడ్డిలో ఉంది. ఆ ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతుండగా, మధ్యేమార్గంగా ఒక ఉత్తర్వు వచ్చింది: కొత్తది వచ్చేవరకు పగటి ఉష్ణోగ్రతను పై గాలి కొలతల నుంచి అంచనా కట్టి నింపుకోవచ్చును. అంతే. ఆ రోజు నుంచి పొద్దున జోస్యమూ నేనే, సాయంత్రం సాక్ష్యమూ నేనే. పొద్దున ఇరవై ఎనిమిది వస్తుందని గీసేదాన్ని. సాయంత్రం అదే చుక్క, అదే అంచు, అదే పెన్సిలు. వచ్చిందని గీసేదాన్ని. ఏ అంచనా తప్పుతుంది ఇక? నూటికి నూరు.

ఆ ఏడు మా ఆఫీసుకు 'ఉత్తమ అంచనా కేంద్రం' అని ఇత్తడి షీల్డు వచ్చింది. చక్రధరరావు గారు దాన్ని తన కుర్చీ వెనక గోడకు కొట్టించారు. మరో ఏడాదికి కొత్త ఉష్ణమాపకం కూడా వచ్చింది, గడ్డి పరుపులో పడుకుని, అట్టపెట్టెలో. ఆయన పెట్టె తెరిచి చూసి, షీల్డు వంక చూసి, మళ్లీ మూసేశారు. "సున్నితమైన వస్తువు. ముహూర్తం చూసి పెడదాం" అని నా సొరుగులోనే పెట్టారు. పక్క పక్కనే పడుకునేవాళ్లం. అది పాపం కాపురానికి పిలుపు రాని కొత్త కోడలిలా నిట్టూర్చేది.

ఈ పరిస్థితిలో పుష్పలీల ఉద్యోగంలో చేరింది. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. అమ్మానాన్నలు తునికాకు కట్టలు కట్టి చదివించారు. చెప్పిన పని చెప్పినట్టు చేసే పిల్ల. పెన్సిలు చెక్కితే పొట్టు కూడా డబ్బాలోనే పడేది. ఉద్యోగం ఖాయం కావాలంటే చక్రధరరావు గారు మంచిమాట రాయాలి, అందుకని 'సార్' అనే మాట ఆమె వాక్యానికి ముందొకటి, వెనకొకటి ఉండేది.

"సార్, ఉష్ణమాపకం సొరుగులో ఉంది కద సార్."

"ఉంది."

"మరి బయట పెట్టమంటారా సార్?"

"అమ్మాయ్, గోడ మీద షీల్డుంది చూశావా? దాన్ని కిందికి దించమంటావా?"

"లేదు సార్."

"మరి దాన్ని పైకెక్కించకు."

ఆమె మళ్లీ అడగలేదు. కానీ చలికాలం వచ్చాక ఒకరోజు నన్ను తుడుస్తూ గాటు మీద గోరుపెట్టి ఆగింది. కాగితం మీద నా మూలను నేలకు ఆనించి, గాటు ఎక్కడికి వచ్చిందో చూసింది. శిక్షణలో విన్నది గుర్తొచ్చిందేమో, కళ్లు చిన్నవి చేసుకుని, అక్కణ్ణుంచి సన్నటి గీత లాగింది. పద్దెనిమిది వచ్చింది. కిటికీలోంచి బయటికి చూసింది. బయట పట్టపగలే పొగమంచు, ఎదురుగా ఉన్న చింతచెట్టు కూడా కనబడటం లేదు. ఆ గీతను రబ్బరుతో మెల్లగా చెరిపేసింది.

ఆ పుష్యమాసం మంచు కదలకుండా కూర్చుంది. అప్పుడు వచ్చింది లచ్చుబాయి.

సిడాం లచ్చుబాయి గోండుల ఆడపిల్లలుండే ఆశ్రమ పాఠశాలకు వార్డెను. మనిషి చిన్నది, గొంతు పెద్దది. ఆమె గోడు ఇది: పిల్లలకు ఇవ్వాల్సిన ఉన్ని దుప్పట్లు గోదాములో మూటలు మూటలుగా ఉన్నాయి. కానీ వాటికొక నిబంధన ఉంది. వరసగా రెండు రోజులు పగటి ఉష్ణోగ్రత ఇరవైకి లోపు ఉందని వాతావరణ ఆఫీసు కాగితమిస్తేనే తాళం తియ్యాలి. రాత్రి చలి ఎటూ ఉండేదేనట. పగలు కూడా ఉంటేనే అది సర్కారు లెక్కలో చలి. ఈ నిబంధన రాసినాయన ఏ వెచ్చటి గదిలో కూర్చుని రాశాడో గానీ, చాలా శ్రద్ధగా రాశాడు.

"సారూ, దండం. గోదాము బాబు మీ కాయితం తెమ్మంటుండు. చలి ఉన్నదని ఒక్క ముక్క రాసియ్యిర్రి" అంది లచ్చుబాయి.

చక్రధరరావు గారు కాళ్ల దగ్గర హీటరు పెట్టుకుని, మంకీ క్యాపు మీద మఫ్లరు చుట్టుకుని కూర్చున్నారు. "చలి ఉంటే రాస్తామమ్మా. లేని చలి ఎక్కణ్ణుంచి తెచ్చి రాసేది? నిన్న పగలు ఇరవై ఎనిమిది."

"నిన్ననా? నిన్న పొద్దు మొఖమే కనవడలే గద సారూ! మా పిల్లల లంగాలు ఉతికి దండెం మీద ఏస్తే ఎండుడు లేదు. చిన్నది భీంబాయి దగ్గి దగ్గి దవాఖానల పడ్డది."

"అది మంచు. మంచు వేరు, ఉష్ణోగ్రత వేరు."

లచ్చుబాయి ఆయన్ని పైనించి కిందిదాకా చూసింది. "మరి మీరు గా కోతిటోపీ ఎందుకు వెట్టుకున్నరు సారూ?"

"అది... అది నా వ్యక్తిగతం!"

మూలన కూర్చున్న పుష్పలీల దగ్గొచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లచ్చుబాయి లేచింది. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగింది.

"సరే సారూ. మీ ఇరవై ఎనిమిది ఏడున్నదో జెప్పుర్రి. పిల్లలను ఆడికే తోల్కపోయి కూసోవెడ్త."

"ఎక్కడేవిటమ్మా? ఇక్కడే. ఈ ఆవరణలోనే. ఇది ప్రామాణిక స్థలం" అన్నారు చక్రధరరావు గారు, గోడ మీది షీల్డు కేసి చెయ్యి చూపిస్తూ.

మనుషులు మాట తూలడం చాలాసార్లు చూశాను. ఇంత శాస్త్రీయంగా తూలడం అదే మొదలు.

మరునాడు పొద్దున, బెలూను పోయిన కాసేపటికి, మంచులోంచి చప్పుడు వినిపించింది. ముందు లచ్చుబాయి, వెనక వరసకట్టి ఆశ్రమ పాఠశాల మొత్తం. ఒకే చున్నీలో ఇద్దరిద్దరు దూరి, చేతులు చంకల్లో పెట్టుకుని, నోళ్లలోంచి ఆవిరి వదులుతూ వచ్చారు. వచ్చి జాలీ పెట్టె చుట్టూ గడ్డిలో గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నారు.

చక్రధరరావు గారు వరండాలోకి పరుగెత్తుకొచ్చారు. "ఏవిటిది? ఏవిటీ ధర్నా?"

"ధర్నా కాదు సారూ. మీ ఎండ కాగుదామని వచ్చినం" అంది లచ్చుబాయి. "మా బడికాడ లేదు. ఈడ ఇరవై ఎనిమిది ఉన్నదంటిరి గద."

"లేవండమ్మా, లేవండి! ఇది ఆఫీసు!"

"ఇంకా రాలేదు సారూ, వస్తదేమో సూస్తం. మీరు రాసినంక రాకుంట యాడికి పోతది?"

ఒక పిల్ల లేచి, చేతులు కట్టుకుని, బుద్ధిగా అడిగింది: "సార్, ఇరవై ఎనిమిది గీ పెట్టెల ఉంటదా?" ఖాళీ జాలీ పెట్టె కేసి చూపించింది. పిల్లలంతా మెడలు సాచి పెట్టెలోకి చూశారు. లోపల ఒక సాలెపురుగు తప్ప ఏమీ లేదు.

ఆ చూపులకు చక్రధరరావు గారు లోపలికి వచ్చి కూర్చున్నారు. "పుష్పలీలా, వాళ్లని పంపించెయ్" అన్నారు.

పుష్పలీల తన కుర్చీలోంచి లేచింది. గుమ్మం వైపు పోలేదు, సొరుగు దగ్గరికి వచ్చింది. సొరుగు లాగిన వెలుతురులో నాకు ఆమె మొహం కనబడింది. ఉద్యోగం, తునికాకు కట్టలు, అమ్మానాన్నలు, అన్నీ ఆ మొహంలో ఉన్నాయి. గడ్డి తప్పించి ఉష్ణమాపకాన్ని పైకి తీసింది.

"అమ్మాయ్!" అన్నారు చక్రధరరావు గారు. "నీ ప్రొబేషను ఇంకా నా చేతిలో ఉంది, గుర్తుందా?"

"గుర్తుంది సార్. కొత్తది వచ్చేవరకే అంచనాతో నింపుకోమన్నారు సార్. ఇది వచ్చేసింది సార్." 'సార్' లెక్క మాత్రం తప్పలేదు. "ఉత్తర్వు ప్రకారమే చేస్తున్నాను సార్."

సర్కారు ఆఫీసులో 'ఉత్తర్వు ప్రకారం' అన్న మాటకు ఎదురు లేదు. ఆమె బయటికి వెళ్లి, సాలెగూడు దులిపి, ఉష్ణమాపకాన్ని మెత్తగా విదిలించి పెట్టెలో అమర్చింది. పిల్లలు అక్కడే ఎక్కాలు చదివారు, అక్కడే జొన్నరొట్టె తిన్నారు. నేను ఆ పొద్దున కూడా చక్రధరరావు గారి చేతిలో ఇరవై ఎనిమిదే గీశాను. సాయంత్రం పుష్పలీల పెట్టె తెరిచి, పిల్లలకు వినబడేలా చదివింది: "పదిహేడున్నర."

పిల్లలు చప్పట్లు కొట్టారు. చలి ఉందని తెలిసి చప్పట్లు కొట్టినవాళ్లను నేను అప్పుడే చూశాను. మరునాడు కూడా వచ్చారు, మరునాడు అంతకంటే తక్కువే వచ్చింది. రెండు రోజులూ నిండాయి.

చక్రధరరావు గారు షీల్డు కింద తల పట్టుకుని కూర్చున్నారు. పొద్దున ఇరవై ఎనిమిది, సాయంత్రం పదిహేడు. ఒప్పుకుంటే ఇన్ని చలికాలాల లెక్కలూ అబద్ధం. ఒప్పుకోకపోతే ఊరంతా పాడుకుంటున్న పదిహేడున్నర ఎక్కడికి పోతుంది? తప్పు ఎవరిదో ఒకరిది కావాలి. బెలూను మీద వేద్దామంటే అది ఆకాశానికి పోయింది. శాస్త్రం మీద వేద్దామంటే అది గోడ మీద ఫ్రేముల్లో ఉంది. పెద్ద అధికారి సంగతి ఎత్తితే కొంప మునుగుతుంది. అలా చూస్తూ చూస్తూ ఆయన చూపు బల్ల మీదికి దిగింది. బల్ల మీద నేను ఉన్నాను.

"దీని అంచుకు గాటుంది చూశావా అమ్మాయ్?" అన్నారు, మొహం వెలిగిపోతూ. "వంగిపోయుంటుంది!"

నివేదిక ఆ పూటే వెళ్లింది: మూలమట్టం వంగినందున చలికాలపు అంచనాలు పది డిగ్రీలు ఎక్కువగా వచ్చినవి. సదరు లోపమును ఈ కార్యాలయమే స్వయముగా కనుగొన్నది. సవరించిన ఉష్ణోగ్రతలతో ధ్రువపత్రం జారీ చేయనైనది. సొరుగులో మగ్గిన కొత్త ఉష్ణమాపకం ఊసు మాత్రం అందులో ఎత్తలేదు. నేను వంగితే ఎండాకాలం లెక్కలు కూడా తప్పాలి కదా అని అడిగినవాడు లేడు. కాగితం అందగానే గోదాము తాళం ఊడింది. దుప్పట్లు ఎడ్లబండి మీద బడికి చేరాయని పుష్పలీల ఎవరితోనో అంటుంటే విన్నాను. పోనీలే, నింద పడితే పడింది అనుకున్నాను.

అంతటితో అయిపోతే బాగుండేది. పై ఆఫీసుకు శ్రద్ధ పుట్టుకొచ్చింది. వంగిన మూలమట్టాన్ని పరీక్షించడానికి ఒక కమిటీ వస్తుందట. లోపం రుజువు కాకపోతే సవరణ రద్దు, ధ్రువపత్రం రద్దు, దాని మీద పంచిన సామగ్రి వాపసు.

చక్రధరరావు గారు నన్ను కోణమానిని మీద పెట్టి చూశారు. తొంభై. తిప్పి పెట్టారు. తొంభై. నేను గర్వంగానే నిలబడ్డాను. జీవితమంతా అదొక్కటేగా నేర్చుకున్నది.

"చచ్చాం. ఇది బాగానే ఉంది" అన్నారు ఆయన.

"బాగానే ఉందని చెప్పేద్దాం సార్" అంది పుష్పలీల. "గీత ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో మనమే పొరబడ్డామని రాద్దాం సార్."

"రాయొచ్చు. రాస్తే నా షీల్డు పోతుంది, సరే. కానీ ధ్రువపత్రం రద్దని రాశారు, చదివావా? గోదాము బాబు రేపే బండి కట్టుకుని బడికి పోతాడు. పిల్లల ఒంటి మీద నుంచి నువ్వు లాగిస్తావా, నేను లాగించనా?"

హీటరు మీద టీ కోసం పెట్టిన కెటిల్ ఉడుకుతోంది. సెల్యులాయిడ్ వేడికి మెత్తబడుతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. చక్రధరరావు గారు కెటిల్ వైపు చూసి, నా వైపు చూసి, తన చేతుల వైపు చూసుకుని, "నాకు బీపీ ఉంది" అన్నారు.

పుష్పలీల నన్ను తీసుకుంది. అబ్బాస్ అలీ గారిలాగే ముందు చీరకొంగుతో శుభ్రంగా తుడిచింది. నిజం కోసం ఉద్యోగం ఒడ్డి సొరుగు లాగిన పిల్ల. ఆ నిజం నిలబడాలంటే ఇప్పుడు నన్ను అబద్ధం చెయ్యాలి. గాటు ఉన్న అంచును గుప్పిట్లో పెట్టుకుని, దానికి సెగ తగలకుండా దాచి, రెండో అంచును ఆవిరికి పట్టింది. నాకు వెచ్చగా అనిపించింది, తర్వాత మెత్తగా, తర్వాత ఇంకెలాగో. ఆమె బొటనవేలితో మెల్లగా నొక్కింది. పుట్టినప్పటి నుంచి కాపాడుకున్న తొంభై, ఒక్క క్షణంలో జారిపోయింది. ఆమె కంటినీరు ఒకటి నా మీద పడి, వేడికి ఇగిరిపోయింది. ఆవిరి వల్ల కారిందని ఆయనతో చెప్పింది.

కమిటీ వచ్చింది. బజ్జీలు తింది. నన్ను కొలిచింది. "ఎనభై మూడు! ఇన్నాళ్లూ దీనితోనే లాక్కొచ్చారా? ఎంత ఘోరం!" అని ముక్కు మీద వేలేసుకుంది. లోపం రుజువైంది, ధ్రువపత్రం ఖాయమైంది. లోపాన్ని తానే పట్టుకున్నందుకు ఆఫీసుకు ఇంకో షీల్డు వచ్చింది. ఆ ఉత్సాహంలో చక్రధరరావు గారు పుష్పలీల ప్రొబేషను కాగితం మీద 'విధేయురాలు' అని రాసి సంతకం పెట్టేశారు. ఆ మాట ఆమె చదువుకుంది. కొత్తగా వచ్చిన మూలమట్టాన్ని పొట్లం విప్పి, వృత్తలేఖిని ముల్లుతో దాని అంచు మీద చిన్న గాటు పెట్టింది.

నన్ను చెత్తబుట్టలో వేశారు. కృతజ్ఞత చెప్పడానికని జొన్నరొట్టెలు మూటగట్టుకొచ్చిన లచ్చుబాయి కంట పడ్డాను.

"గిదేంది బిడ్డా, గిట్ల పారేసిన్రు? మంచిగ వంపు తిరిగి ఉన్నది. పిండి గీకనీకి పనికొస్తది, నాకియ్యి."

"తీస్కో అక్కా" అంది పుష్పలీల. "జర పైలంగ చూసుకో."

ఇప్పుడు నేను ఆశ్రమ పాఠశాల వంటింట్లో ఉంటాను. పొద్దున్నే లచ్చుబాయి జొన్నపిండి పిసుకుతుంది. పీటకు అంటుకున్న పిండిని నా వంపు తిరిగిన అంచుతో గీకుతుంది. తిన్నగా ఉన్నప్పుడైతే ఈ పనికి పనికొచ్చేదాన్ని కాదు. నా ఒంటి మీది అంకెలు పిండిలో సగం అరిగిపోయాయి. గాటు మాత్రం ఉంది.

బయట మంచు అలాగే ఉంటుంది. ఎంత చలి ఉందో ఇప్పుడు నన్నెవరూ అడగరు. బూడిదరంగు దుప్పట్లు తలల మీదుగా కప్పుకుని పిల్లలు వంటింట్లోకి వస్తారు, దుప్పట్లకు ఇంకా గోదాములోని కలరా ఉండల వాసన. దగ్గి దగ్గి దవాఖానాలో పడి తిరిగొచ్చిన భీంబాయికి పొయ్యి పక్కన చోటు. ఆ చోటుకు పిల్లలు ఒక పేరు పెట్టుకున్నారు. రోజూ పొద్దున దాని కోసం కొట్లాట.

"జరుగవే! నిన్నటి సంది నువ్వే కూసుంటున్నవ్. ఇయ్యాల నన్ను గూడ జర ఇరవై ఎనిమిదిల కూసోనియ్యి!"

పొయ్యి సెగ నా వంపు దాకా తగులుతూ ఉంటుంది. ఎన్నో చలికాలాలు ఆ అంకెను గీశాను. అది సరైన చోట పడింది ఇక్కడే.